పుస్తకాలు మూసే పీరియడు

ఆమె బస్సు టికెట్టు కూడా చదివేది. కండక్టరు చింపి ఇచ్చిన చీటీని మనలాంటివాళ్ళం నలిపి కిటికీలోంచి పారేస్తాం. ఆమె మాత్రం కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఛార్జీ ఎంత, అన్నీ చదివాకే పర్సులో పెట్టుకునేది. రోజూ అదే బస్సు, అదే దారి, అదే ఛార్జీ. "ఏం మేడం, ఇయ్యాల ఏమన్న కొత్త సంగతి రాసి ఉన్నదా దాంట్ల?" అని కండక్టరు ఆటపట్టిస్తే, "చదివినంక గద తెలిసేది," అనేది. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె మరకల మధ్య నుంచి వెతుక్కుంటూ చదివేది. ఈలోపు బజ్జీలు చల్లారిపోయేవి. పక్కన కూర్చున్న నాకు ఒళ్ళు మండేది.

పోయిన వారం ఆమె చనిపోయిందని మా టీచర్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది. దాని కింద వరసబెట్టి ఓం శాంతి, ఓం శాంతి. ఒకాయన అయితే పైన ఎవరి పేరుందో కూడా చూడకుండా, పుట్టినరోజు శుభాకాంక్షలు అని పెట్టి తర్వాత తీసేశాడు. నేనూ ఓం శాంతి అని కొట్టి, టిఫిన్ తిని, బడికి వెళ్ళాను. మూడో పీరియడులో బోర్డు మీద భాగహారం చేస్తుంటే ఉన్నట్టుండి సిగ్గేసింది. మనిషి పోయినందుకు ముందుగా రావలసింది దుఃఖం. నాకు సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

పాత కరీంనగర్ జిల్లాలో, గోదావరికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో రెండు గదుల ప్రాథమిక పాఠశాల మాది. ఆమె హెడ్‌మాస్టరు, నేను అసిస్టెంటును. అంతే స్టాఫు. ఊళ్ళో సగం ఇళ్ళలో మగవాళ్ళు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. నేను ఆ బడికి వచ్చేటప్పటికి నాకు ముప్పై ఏళ్ళు, ఆమెకు యాభై దాటాయి. పిల్లల ముందు నన్ను "సారూ" అనేది. బస్సెక్కాక "తమ్మీ" అనేది.

శనివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక రెండు పీరియడ్లు ఆమెవి. టైంటేబుల్లో ఆ గడిలో 'జీవన నైపుణ్యాలు' అని రాసి ఉంటుంది. చాలా బళ్ళలో ఆ గడి వచ్చినప్పుడు లెక్కలు చెప్తారు, లేదంటే పిల్లలతో ఆవరణలో గడ్డి పీకిస్తారు. ఆమె తరగతిలోకి వస్తూనే "పుస్తకాలు మూయుర్రి," అనేది. పిల్లలు దాన్ని పుస్తకాలు మూసే పీరియడనే పిలిచేవాళ్ళు.

ఆ పీరియడులో ఏం చెప్పేదో వింటే ఇదీ ఒక చదువేనా అనిపించేది మొదట్లో. ఖాళీ అయిన మందు గోలీల అట్టలు సంచి నిండా తెచ్చి, గడువు తేదీ ఎక్కడుందో వెతకమనేది. ఒక పిల్ల ఊళ్ళో ఆరెంపీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, సూది మందు సీసా చూపించు, తేదీ చదువుత అన్నదట. ఆయన మోటారు సైకిలేసుకుని బడికొచ్చాడు. "ఏం నేర్పుతున్నవమ్మా పోరగాండ్లకు? డాక్టర్ను నేనా, వాళ్ళా?" అని అరిచాడు. ఆమె కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఎంతో మర్యాదగా, "తేదీ ఉన్నదా మరి?" అని అడిగింది. ఆయన చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు.

దుకాణాల్లో చిల్లర బదులు చాక్లెట్లు చేతిలో పెడతారు కదా. "చాక్లెట్ ఒద్దు, చిల్లర ఇయ్యి," అనడం నేర్పింది. చిల్లర లేదంటే ఏమనాలి? "రేపు నేను గిదే చాక్లెట్ తెస్త, సబ్బు ఇస్తవా?" అనాలి. నిజంగానే ఇద్దరు ఆడపిల్లలు వెళ్ళి అన్నారు. దుకాణదారు ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అప్పు బంద్ చేశాడు. ఎవరైనా మీద చెయ్యి వేస్తే ఎలా అరవాలో నేర్పడానికి పిల్లలందరినీ ఆవరణలో నిలబెట్టి "ఒద్దు" అని గొంతు చించుకుని అరిపించేది. మొదటిసారి ఊళ్ళోవాళ్ళు బడికి నిప్పంటుకుందనుకుని బిందెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. గల్ఫ్ నుంచి బాపు ఫోన్ చేసినప్పుడు తిన్నవా, పన్నవా అని అడగడంతో పాటు, "బాపూ, నీ పాస్‌పోర్టు నీ కాడనే ఉన్నదా?" అని అడగమనేది. అడిగిన పిల్లల్లో చాలామందికి అటు నుంచి జవాబు వచ్చేది కాదు. సోమవారం పొద్దున ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్ళు.

అన్నిటికంటే ఎక్కువగా ఆడించింది సంతకం ఆట. బల్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి అడుగున సంతకం పెట్టమనేది. పెట్టకూడదు. అదే ఆట. "ముందు ఏం రాసి ఉన్నదో చదివి చెప్పుర్రి, అప్పుడు పెడ్త," అనాలి. రెండో వారానికే ఈ ముక్క అందరికీ నోటికొచ్చేసింది. ఇక అప్పుడు మొదలైంది ఆమె నాటకం. ఒకరోజు బ్యాంకు ఆఫీసరై "జల్ది, జల్ది, ఎనక లైనున్నది," అని తొందరపెట్టేది. మరోరోజు మేనమామై "నా మీదనే నమ్మకం లేదా బిడ్డా?" అని నొచ్చుకునేది. ఒకసారి ఏకంగా ఏడ్చింది. నిజంగా కన్నీళ్ళు పెట్టుకుంది. రెండో తరగతి పిల్లలు ముగ్గురు జాలిపడి గబగబా సంతకాలు గీకేశారు.

"ఏందిర గిది? దేనికి పెట్టిన్రు?"

"నువ్వు ఏడుస్తున్నవని, టీచర్."

"ఏడ్చెటోళ్ళకు కండ్లు తుడువుర్రి. సంతకం పెట్టకుర్రి," అంది ముక్కు చీదుకుంటూ.

నాలుగో తరగతిలో ఒక పిల్ల మాత్రం ఆ ఆటలో ఒక్కసారి కూడా ఓడిపోలేదు. తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీలు చుట్టేది. తల్లే మా బడి కమిటీకి చైర్మన్. ఆ పిల్ల కాగితాన్ని తిప్పి వెనక వైపు కూడా చూసి, తిరిగి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేది. ఆమె ఎంత నాటకమాడినా ఆ మొహంలో జాలి గానీ భయం గానీ కనిపించేవి కావు. ఆ పిల్లంటే ఆమెకు ప్రాణం. "గీ పిల్లొక్కతి పది పాసైతే చాలు తమ్మీ, నేను నౌకరి చేసినట్టే," అని బస్సులో చాలాసార్లు అంది. ఆ మాట ఊరికే అనలేదు. బడిలో పిల్లలు పదకొండు మందికి పడిపోయారు. ప్రైవేటు స్కూలు పసుపు బస్సు రోజూ మా గేటు ముందే ఆగి మిగతావాళ్ళను ఎక్కించుకుపోయేది. మా బడిని నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారని ఏడాదిగా అనుకుంటున్నారు. అదే జరిగితే ఆ పిల్లను తల్లి పొరుగూరు పంపుతుందో లేదో ఆమెకు అనుమానమే.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. ప్రతి ప్రభుత్వ బడికీ తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది. సున్నం డబ్బా కొనాలన్నా ఆ కమిటీ తీర్మానం చేయాలి, రిజిస్టరులో రాయాలి, కింద సభ్యులంతా సంతకాలు పెట్టాలి. అది రూలు. జరిగేది వేరు. జూన్‌లో ఒకరోజు తల్లులందరినీ పిలిచి, చాయ్ తాగించి, రిజిస్టరులో పది పన్నెండు ఖాళీ పేజీల అడుగున సంతకాలు, వేలిముద్రలు పెట్టించేసుకుంటాం. పైన ఏం రాయాలో ఏడాది పొడుగునా అవసరాన్ని బట్టి మేమే రాసుకుంటాం. నేను చూసిన ప్రతి బడిలోనూ ఇంతే. ఇందులో ఎవరికీ తప్పు కనిపించదు. నాకూ కనిపించలేదు.

ఆమె మాత్రం నేను చేరిన తర్వాత రెండేళ్ళు ఆ పని చేయలేదు. తీర్మానం రాసి, రిజిస్టరు చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. వాకిట్లో నిలబడి మొత్తం చదివి వినిపించి, అప్పుడు పెట్టించేది. తల్లులే విసుక్కునేవాళ్ళు. "పంతులమ్మా, నువ్వు సదివే వరకు నాయి యాభై బీడీలు తక్కువైతయి. కార్ఖానల సేటు ఊకుంటడా? అందరు చేసినట్టు ఒక్కపారే పెట్టిచ్చుకోరాదు." మూడో ఏడు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. తీర్మానాలు ఆలస్యమవుతున్నాయని మండల విద్యాధికారి ఆఫీసులో మాటలు పడింది. నేను కూడా పోరు పెట్టాను. "మేడం, అంతట నడుస్తున్నదే గద. మనమొక్కలం ఆగితే ఏమైతది?" అన్నాను. వారం గడిచింది. తర్వాత, "పిలువు సారూ," అంది.

ఆ రోజు వరండాలో ఏడుగురు తల్లులు కూర్చున్నారు. చైర్మన్ పక్కన కూతురు, మా నాలుగో తరగతి పిల్ల, నిలబడి ఉంది. మేడం రిజిస్టరు తెరిచి, పేజీ ఎగరకుండా అంచు మీద వేలు పెట్టి పట్టుకుంది. తల్లి పెన్ను అందుకుంది.

"అవ్వా, ఆగు. దాంట్ల ఏం రాసి లేదు," అంది పిల్ల.

తల్లులు పకపకా నవ్వారు. "నీ చదువు నీకే అప్పజెప్పింది పంతులమ్మా," అంది ఒకావిడ. మేడం నా వైపు చూసింది. నేను చాయ్ గ్లాసులు సర్దుతున్నట్టు తల తిప్పుకున్నాను.

"ఇది బడి రిజిస్టరు బిడ్డా. బయటోళ్ళది కాదు, మనదే," అంది ఆమె.

"తెలిసినోళ్ళు అడిగితెనే ఇంక ఎక్కువ చూసుకోవాలె అని మీరే చెప్పిన్రు గద, టీచర్."

తల్లే కూతురి నెత్తి మీద ఒకటి మొట్టి, "పంతులమ్మకు ఎదురు మాట్లాడుతవా?" అని సంతకం పెట్టింది. ఒకటి కాదు, పది పేజీల్లో. ఆ పిల్ల ఏడవలేదు. పేజీ తిప్పిన ప్రతిసారీ అది ఖాళీగా ఉందో లేదో మెడ సాచి చూస్తూ నిలబడింది. ఆ శనివారం పుస్తకాలు మూసే పీరియడు ఉంది గానీ సంతకం ఆట లేదు. ఆ తర్వాత కూడా ఆమె ఎన్నడూ ఆడించలేదు.

జనవరిలో ఆమె కంటి ఆపరేషను కోసం కరీంనగర్ వెళ్ళింది, పది రోజుల సెలవు మీద. నాలుగో రోజు నాకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "సారూ, మీ కాడ సంతకాలున్న పేజీలు ఉంటయి గద. రిజిస్టరు తీస్కొని జర రారాదు." ఎందుకో నాకు తెలుసు. బెదిరించారనో బలవంతం చేశారనో చెప్పుకుంటే కాస్త పరువు నిలిచేది. అదేమీ లేదు. కుర్చీ వేశారు, చల్లటి నీళ్ళిచ్చారు. ఆ ఏడు నేను కరీంనగర్ దగ్గరికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నానని వాళ్ళకు తెలుసు, అంతే. గుమాస్తా చెప్తుంటే నేను రాశాను. విద్యార్థుల సంఖ్య తక్కువగా ఉన్నందున, మా పిల్లలను పెద్ద పాఠశాలలో కలుపుటకు తల్లిదండ్రులమందరమూ సంతోషంగా అంగీకరించుచున్నాము అని. 'సంతోషంగా' అన్న మాట గుమాస్తా చెప్పలేదు. వాక్యం నిండుగా ఉంటుందని నేనే కలిపాను.

ఆమె నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చింది. రాగానే రిజిస్టరు తెరిచింది. కంటికి శ్రమ పెట్టొద్దన్నారు కదా మేడం అన్నాను. వినలేదు. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. ముగించి మళ్ళీ మొదటి నుంచి చదివింది. నా చేతిరాత ఆమెకు తెలియనిది కాదు.

"సంతోషంగ అని రాసినవు," అంది.

"ఆఫీసోళ్ళు చెప్పిన్రు మేడం."

"గిదే మాట చెప్పిన్రా?"

"అవును మేడం," అన్నాను.

రిజిస్టరు మూసి, చెప్పులేసుకుని ఊళ్ళోకి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు. పిల్లలను ఎవరు చూడాలి అని నాకు నేను చెప్పుకుని బడిలోనే ఉండిపోయాను. మర్నాడు ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఖాళీ పేజీల మీద సంతకాలు తీసుకున్నది నేనే, తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, కాబట్టి తీర్మానం చెల్లదు అని. నెలకు జవాబు వచ్చింది. ఖాళీ పేజీలపై సంతకాలు సేకరించడం తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యమని ఆమెకు మెమో, ఒక ఇంక్రిమెంటు కోత. సంతకాలు అసలువే కనుక తీర్మానం మాత్రం చెల్లింది. జిల్లా అంతటా అందరూ చేసే పనికి శిక్ష పడింది ఆమె ఒక్కదానికే, తానే చేశానని రాసిచ్చినందుకు. జూన్‌లో బడికి తాళం పడింది. నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది.

ఆ తర్వాత ఆమెను ఒకే ఒక్కసారి చూశాను, కరీంనగర్ బస్టాండులో. రిటైరవ్వడానికి ఇంకో ఏడాది ఉందనుకుంటాను. ఏ కోపమూ లేకుండా ఇంట్లో పిల్లల గురించి అడిగింది. ఏం మాట్లాడాలో తోచక, "శనివారం పీరియడు ఇంక నడుస్తున్నదా మేడం?" అని అడిగాను.

"లేదు తమ్మీ. లెక్కలు చెప్తున్న," అంది. బస్సొస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

పోయిన వారం ఆ భాగహారం సగంలో ఆపేసి, మధ్యాహ్నం సెలవు పెట్టి ఆమె ఇంటికి వెళ్ళాను. టెంటు కింద ముప్పై నలభై కుర్చీలు, సగం ఖాళీ. యూనియన్ వాళ్ళు ఒక దండ వేసి, ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. గేటు పక్కన ఒంటరిగా నిలబడి ఉన్న అమ్మాయి నన్ను చూసి దగ్గరికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళుంటాయి.

"సార్, నమస్తే. నేను, కమిటీ చైర్మన్ బిడ్డను."

ఒక్కతే వచ్చిందట, రెండు బస్సులు మారి. చదువుతున్నవా అని అడిగాను.

"లేదు సార్. నాలుగుతోనే బందైంది. బీడీలు చేస్తున్న."

"పెద్ద బడికి ఆటో పెట్టిన్రు గద."

"ఆటో ఉండె సార్. మా అవ్వనే తోలలే." ఆ పిల్ల గొంతులో ఫిర్యాదు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. "టీచర్ మా ఇంటికచ్చి, నీతోని ఖాళీ కాగితం మీద సంతకం పెట్టిచ్చిన, దాని మీద బడి మూసెయ్యుమని రాసి ఉన్నది, తప్పు నాది అని చెప్పింది. అవ్వ అప్పుడేం అనలే. రాత్రి బాపుతోని ఫోన్ల అన్నది. పంతులమ్మనే గిట్ల చేస్తే, ఎరుకలేని ఊళ్ళె, ఎరుకలేని సార్ల కాడికి ఆడపిల్లను ఎట్ల తోలాలె అని. టీచర్ ప్రతి జూన్‌ల అచ్చి అడిగేది సార్. అవ్వ చాయ్ పోసేది. తోలుడు మాత్రం తోలలే."

కుర్చీలో కూర్చున్నాను. మేడం ఆ రోజు నోరు మూసుకుని ఉంటే, ఆఫీసువాళ్ళ మీదకు నెట్టేసి ఉంటే, ఈ పిల్ల అందరితో పాటు ఆటో ఎక్కేది. ఆమె నిజం చెప్పడం వల్లే పిల్ల బడి మానేసింది. ఏడాదికోసారి ఆ గడప ముందు నిలబడ్డ మనిషికి ఈ సంగతి తెలియకుండా ఉండదు.

"సార్, ఒక్కటి అడుగుత," అంది అమ్మాయి. "ఆ కాగితం మీద రాసింది ఎవలు సార్? టీచర్ను మస్తు సార్లు అడిగిన. ఎవలు రాస్తేంది, పెట్టిచ్చింది నేనే గద అనేది. ఊరంత టీచరే రాసిందనుకుంటున్నరు సార్. నేను గూడ గట్లనే అనుకున్న."

లోపల ఎవరో నీళ్ళు తోడుతున్నారు. ఆ పిల్ల చేతులు కట్టుకుని, నా మొహం వంకే చూస్తూ నిలబడింది. చెప్పేయడానికి అంతకంటే మంచి చోటు, మంచి వేళ నాకు ఈ జన్మలో రావు. నోటిదాకా వచ్చింది కూడా.

"ఆఫీసుల ఎవలో గుమాస్త రాసిండు బిడ్డా," అన్నాను.

ఆ పిల్ల కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. చున్నీతో తుడుచుకుంది.

"మీరన్న చెప్పిన్రు సార్," అని నా కాళ్ళకు మొక్కింది.